మొలవని ఆవాలు

"కర్పూరం తెప్పించాను. శనివారం పొద్దున్నే గుడికి వెళ్దాం. అరచేతిలో వెలిగించుకుని, 'ఆ చేలో నేనేమీ చల్లలేదు' అని ఒక్క మాట చెప్పు. అంతటితో అయిపోతుంది," అంది శేషమ్మ.

పెద్దకోడలు దుర్గాభవాని చేటలోని బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"చెప్పనండీ."

"చల్లకపోతే చెప్పడానికి నొప్పేంటి?"

"చల్లలేదని నిన్నటి నుంచి చెబుతూనే ఉన్నాను కదా అత్తయ్యా. ఇంట్లో అబద్ధమైన మాట గుడిలో నిజమైపోతుందా?"

"మాటలు బాగానే నేర్చావు."

"పన్నెండేళ్ళయింది కదండీ ఈ ఇంటికొచ్చి."

వాకిట్లో నిలబడ్డ వీరదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. ఆమె కూలి ముఠాకు మేస్త్రి. పదకొండుమంది ఆడవాళ్ళు ఆమె మాట మీద చేలోకి దిగుతారు, ఆమె మాట మీదే గట్టెక్కుతారు. సోమవారం గట్టెక్కినవాళ్ళు బుధవారమైనా దిగలేదు.

కరకట్ట లోపల, కృష్ణ ఒడ్డున ఉన్న ఎకరన్నర ఉల్లి చేనులో ఆరు మళ్ళు పడిపోయాయి. గడ్డ ఊరే సమయానికి కాడలు కొసల నుంచి పసుపెక్కి, మెత్తబడి, నేలకు ఒరిగాయి. పీకి చూస్తే గడ్డ మొదట్లో దూది అంటించినట్టు తెల్లటి బూజు కనిపించింది. ఆ బూజులోనూ, చుట్టుపక్కల మట్టి మీదా గోధుమరంగు గుండ్రటి గింజలు ఉన్నాయి. సోమవారం కలుపు తియ్యడానికి దిగిన వీరదుర్గ ఒక గింజను గోటితో తీసి, వెలుతురుకు పట్టి చూసి, "ఇవి ఆవాలు," అంది.

ఆ మూడక్షరాల మాట మధ్యాహ్నానికి "మంత్రించిన ఆవాలు"గా ఊరికి చేరింది. మర్నాటికి వాటిని చల్లిన చెయ్యి ఎవరిదో కూడా తేలిపోయింది.

తేల్చడానికి రెండు ఆధారాలు దొరికాయి. కిందటి నెల పంపకం మాటల్లో ఆ చేను చిన్నకొడుకు ఈశ్వరప్రసాద్ వాటాకు వెళ్ళింది. ఆదివారం సాయంత్రం దుర్గాభవాని ఆ చేనుగట్టు మీద ఒంటరిగా నడుస్తూ కనిపించింది. రెండూ నిజాలే. ఆ రెంటినీ కలిపిన ముడిని మాత్రం ఎవరూ కళ్ళతో చూడలేదు.

"వదినా, నేను నిన్నేమన్నా అన్నానా? ఊరు అంటోంది," అన్నాడు ఈశ్వరప్రసాద్.

"ఊరు అంటోంది. నువ్వు ఇంటికి మోసుకొస్తున్నావు."

"చేను నాది. కుళ్ళిపోతున్నది నాది. కూలీలు దిగకపోతే నేనొక్కణ్ణీ ఏం పీకను? నువ్వు ప్రమాణం చేస్తే దిగుతామన్నారు. అంతే."

"తెగులు కుళ్ళయితే ఈపాటికి మందుకు తగ్గేదిరా," అంది శేషమ్మ. "ఇది మనిషి కుళ్ళు. దానికి మందు బందరులోనూ దొరకదు, గుడివాడలోనూ దొరకదు."

దుర్గాభవాని చేట కింద పెట్టింది.

ఆమె భర్త రాజకుమార్ స్తంభానికి ఆనుకుని కూర్చుని, స్ప్రేయరు మూత విప్పి, లోపలికి చూసి, మళ్ళీ బిగించాడు. పొద్దుటి నుంచి అది మూడోసారి.

"మీరేమంటారు?" అని అడిగింది అతన్ని.

"నేనేమంటాను? శనివారం దాకా ఉంది కదా. చూద్దాం."

"సరే, చూద్దాం. కానీ ఊరికే కూర్చుని చూడొద్దు." ఆమె వాకిటి వైపు తిరిగింది. "వీరదుర్గా, ఆవాలకు తడి తగిలితే ఏమవుతుంది?"

"మొలుస్తాయి. అదేం ప్రశ్నమ్మా?"

"మరి మొలిపించి చూద్దాం. ఒక పళ్ళెంలో తడిగుడ్డ మీద మన వంటింటి ఆవాలు. ఇంకో పళ్ళెంలో చేలోని గింజలు. శనివారం పొద్దున విప్పుదాం. చేలోవి కూడా మొలిస్తే నేనే గుడికి నడిచొస్తాను, ఎవరూ తీసుకెళ్ళక్కర్లేదు."

"ఇదెక్కడి చోద్యం!" అంది శేషమ్మ.

"పెడనలో మా నాన్న కలంకారీ అద్దేటప్పుడు కొత్తగా కలిపిన రంగుని ముందు చీర మీద పెట్టేవాడు కాదండీ. గుడ్డముక్క మీద అద్ది, ఉతికి, ఆరేసి చూసేవాడు. ముక్క పాడైతే పోయేదేం లేదు. చీర పాడైతే మళ్ళీ రాదు. నన్ను గుడిలో నిలబెట్టే ముందు ముక్క మీద చూడమంటున్నాను, అంతే."

శేషమ్మ వెంటనే జవాబివ్వలేదు. ఆమె మొండిది. ఆలోచించి మాట్లాడే అలవాటు ఆమెకు లేదు. అందుకే ఆ జాప్యం అక్కడున్న అందరికీ కొత్తగా అనిపించింది.

"ఎందుకొచ్చిన గొడవ..." అని గొణిగింది.

"చూద్దాం పెద్దమ్మగారూ," అంది వీరదుర్గ. "మొలిస్తే ఆవాలు. మొలవకపోతే నాకు చత్వారం వచ్చిందనుకోండి, బందరు తీసుకెళ్ళి కళ్ళజోడు కొనిపించండి."

ఆమె వెనక నిలబడ్డ ముఠాలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. శేషమ్మకు వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

"అయితే గింజలు నా కళ్ళముందే ఏరాలి. పళ్ళేలు నా భోషాణంలో ఉండాలి. తాళంచెవి నా బొడ్డునే ఉంటుంది."

"అంతకన్నా కావలసింది ఏముందండీ?" అంది దుర్గాభవాని.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, సోమవారం రాజకుమార్ కొట్టు నుంచి తెచ్చిన కొత్త ఆవాల పొట్లం పట్టుకొచ్చింది. అందరి ఎదుటా ఇరవై గింజలు లెక్కపెట్టి, తడిపిన పాతచీర ముక్క మీద పరిచింది.

*

వాళ్ళంతా వెళ్ళేసరికి చేనుగట్టు మీద ఒక స్కూటీ ఆగి ఉంది. రైతు సేవా కేంద్రంలో పనిచేసే హాసిని మడిలో గొంతుకూర్చుని పడిపోయిన మొక్కను వేళ్ళతో సహా పైకి తీస్తోంది. దుర్గాభవాని ఫోనులో పంపిన ఫొటోలు చూసి, నీళ్ళు ఆపెయ్యమని వారం కిందటే చెప్పింది ఆ అమ్మాయే. నీళ్ళయితే ఆపారు. మిగిలినదేదీ వినడానికి ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోయింది.

"ఇది మొదలు కుళ్ళండీ," అంది హాసిని. "బూజు జాతి. ఈ గుండ్రటివి గింజలు కావు. బూజే గట్టిపడి ఇలా ఉండకడుతుంది. ఎండకు చావదు, పంట తీసేసినా పోదు. మట్టిలో ఏళ్ళ తరబడి పడుంటుంది. తడీ వేడీ కలిసిన రోజున మళ్ళీ లేస్తుంది."

"అదేదో మంత్రంలాగే ఉందే," అన్నాడు ఈశ్వరప్రసాద్.

"మంత్రమైతే నాకింత తిరుగుడు ఉండేది కాదండీ. కిందటేడు ఇందులో ఏం వేశారు?"

"వేరుశనగ."

"దానికీ వస్తుంది ఇది. అప్పుడు మొక్కలు ఏమన్నా చచ్చాయా?"

"అక్కడక్కడ చచ్చాయి. ఎండకనుకున్నాం."

హాసిని తల ఊపింది. ఒరిగిన మొక్కను చుట్టూ జానెడు మట్టితో సహా తవ్వి తియ్యాలని, తీసిందాన్ని అక్కడికక్కడే సంచిలో వేసి మూతి కట్టాలని, ఎండాక చేను బయట తగలబెట్టాలని చెప్పింది. నిలబడి ఉన్న మళ్ళకు మొదళ్ళు తడిసేలా పొయ్యాల్సిన మందు చీటీ మీద రాసిచ్చింది. పంట తీశాక ఎండాకాలంలో లోతుగా దున్ని, ఈసారి ఉల్లీ వేరుశనగా మాని వరి పెట్టమంది. నీళ్ళు నిలవుంటే ఆ ఉండల్లో చాలావరకు చస్తాయట. ఆ తర్వాత పశువుల ఎరువులో, ఈ బూజును చంపే ట్రైకోడెర్మా పొడి కలిపి చల్లుకోమంది.

"పీకినవాటిని గట్టు మీద కుప్ప పొయ్యకండి. పేడకుప్పలో వెయ్యకండి. బోదెలో అసలే పడెయ్యకండి. నీళ్ళు ఎటు పారితే అటు ఈ ఉండలు వెళ్తాయి."

రాజకుమార్ బోదె వైపు చూశాడు. అతన్ని చూసి మిగిలినవాళ్ళూ చూశారు. పడిపోయిన ఆరు మళ్ళూ బోదె పొడవునా ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నాయి. మోటారు దగ్గరి మడితో మొదలై, నీరు పారిన దిక్కుకే సాగాయి.

"మొదట చచ్చిన మొక్కల్ని ఏం చేశారండీ?" అని అడిగింది హాసిని.

"కాళ్ళకు అడ్డమని బోదెలోకి విసిరాను," అన్నాడు ఈశ్వరప్రసాద్. మళ్ళీ తనే, "నాకేం తెలుసు?" అన్నాడు.

"ఇంకా నయం, గట్టు మీద నేను నడిచాను కాబట్టి సరిపోయింది," అంది దుర్గాభవాని. "నువ్వు నడిచి ఉంటే నిన్ను ప్రమాణం చెయ్యమనేవాళ్ళు."

ఏరడం ఈశ్వరప్రసాద్ మొదలుపెట్టాడు. శేషమ్మ గొడుగు పట్టుకుని గట్టు మీదే నిలబడింది. కుళ్ళిన మొదళ్ళ దగ్గర పన్నెండు గింజలు ఏరేసరికి, వీరదుర్గ అడ్డం వచ్చింది.

"మొదట్లోవే కాదు చినబాబుగారూ. నేను సోమవారం చూసిందిక్కడ, వరసల మధ్య ఈ పాయ మీద. ఇవీ ఏరండి."

"చాల్లే, అన్నీ ఒకటే," అంది శేషమ్మ.

"ఒకటే అయితే ఏరడానికేమండీ?"

నీళ్ళు ఆపి వారమైంది. పాయ మీది మట్టి పొడిపొడిగా రాలుతోంది. దాని మీంచి ఎనిమిది గింజలు ఏరి, ఇరవై పూర్తి చేశాడు. శేషమ్మ గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

*

గురువారం దుర్గాభవాని ఒక్కతే పలుగూ సంచులూ తీసుకుని చేలోకి వెళ్ళింది. సాయంత్రానికి ఒక మడి పూర్తయింది. శుక్రవారం ఉదయం రాజకుమార్ పార పట్టుకుని వచ్చి, ఆమెతో పాటు రెండో మడిలో తవ్వడం మొదలుపెట్టాడు.

కాసేపటికి అడిగాడు.

"ఆదివారం ఇక్కడికి ఎందుకొచ్చావు?"

ఆమె సంచి మూతి బిగించి లేచి నిలబడింది.

"మీరూ అడుగుతున్నారా?"

"అనుమానంతో కాదు. అడగకపోవడమూ తప్పే కదా, అందుకని."

"ఆరు మళ్ళు ఏడయ్యాయేమోనని లెక్కపెట్టడానికి వచ్చాను. ఈ మాట మంగళవారం అడిగి ఉంటే మీ అమ్మగారి ముందే చెప్పేదాన్ని."

రాజకుమార్ తవ్వుతూ ఉండిపోయాడు. మడి చివరికి వచ్చాక, "మట్టి జానెడు చాలా, ఇంకా తియ్యాలా?" అన్నాడు.

"చాలు."

ఆ మధ్యాహ్నం శేషమ్మ అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచింది. కోడలు మజ్జిగ పొయ్యడానికి వంగినప్పుడు మెల్లగా అంది.

"భవానీ, గుడీ వద్దు, పళ్ళేలూ వద్దు. వీరదుర్గతో నేను మాట్లాడతాను. పనిలోకి వస్తారు. ఇంతటితో వదిలేద్దాం."

"ఇప్పుడు వదిలేస్తే నా పేరు ఊళ్ళో ఎలా ఉంటుందండీ?"

"నాలుగు రోజులు పోతే ఎవరికి గుర్తుంటుంది?"

"నేను ఈ ఊళ్ళోనే ఉండాలి కదండీ. నీళ్ళకెళ్ళినా, కొట్టుకెళ్ళినా, పేరంటానికెళ్ళినా ఆవాలు చల్లిన మనిషిననే ఉంటాను. నాకు నాలుగు రోజులు చాలవు." ఆమె మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "పళ్ళేలు విప్పాల్సిందే. మొలిస్తే నేను పెడన వెళ్ళిపోతాను. మీరు చెప్పక్కర్లేదు."

శేషమ్మ చెయ్యి బొడ్డు దగ్గరి తాళంచెవి మీదకు వెళ్ళింది. రెండు రోజులుగా ఆ చెయ్యి అక్కడికి వెళ్తూనే ఉంది.

*

శనివారం ఎనిమిది గంటలకు వాకిలి నిండింది. ముఠా మొత్తం వచ్చింది. శేషమ్మ భోషాణం తాళం తనే తీసి, పళ్ళేలు రెండూ తెచ్చి అరుగు మీద పెట్టింది. మూతలుగా బోర్లించిన సత్తు గిన్నెలను ఈశ్వరప్రసాద్ ఎత్తాడు.

వంటింటి ఆవాలు ఇరవైలో పద్దెనిమిది మొలిచాయి. వెలుతురు లేని పెట్టెలో పెరిగినందువల్ల సన్నగా, పాలిపోయిన పసుపురంగులో ఉన్నాయి. ఒక్కొక్క కాడ చివర రెండేసి చిన్న ఆకులు అంటుకుని ఉన్నాయి.

రెండో పళ్ళెంలో గుడ్డ కనిపించడం లేదు. గింజల నుంచి నలుదిక్కులకూ తెల్లటి దారాలు పాకి, ఒకదానితో ఒకటి అల్లుకుని, పల్చటి దూదిపొరలా పరుచుకున్నాయి. ఉల్లి మొదట్లో అందరూ చూసిన బూజే అది.

"అమ్మో," అంది ముఠాలో ఒకామె. "ఇది ఆవాలు కాదే! పుండు మీద బూజులా ఉంది."

దుర్గాభవాని ఊపిరి వదిలింది. ఆ ఊపిరి పూర్తి కాకముందే ఈశ్వరప్రసాద్ వంగి, చీపురుపుల్లతో ఆ పొరను కొంచెం పక్కకు జరిపాడు.

దాని అంచున మూడు మొలకలు ఉన్నాయి. సన్నటి కాడలు, పాలిపోయిన పసుపు, రెండేసి ఆకులు.

"పదిహేడు బూజు," అన్నాడు. "మూడు ఆవాలు."

వీరదుర్గ మెడ చాచి చూసింది.

"నాకు కళ్ళజోడు అక్కర్లేదు," అంది. కానీ ఆమె గొంతులో గెలిచిన సంతోషం లేదు.

"వదినా..." అన్నాడు ఈశ్వరప్రసాద్.

"ఇవి ఆవాలే," అంది దుర్గాభవాని. ముఖం పాలిపోయినా మాట తడబడలేదు. "చేలో ఎవరో చల్లారు. కుళ్ళు వాటివల్ల రాలేదు. ఆ పదిహేడూ చూస్తే తెలుస్తోంది. కానీ చల్లినమాట నిజం. చల్లింది నేను కాదు."

"నువ్వు కాకపోతే ఇంకెవరు?"

"ఆగు ప్రసాద్," అన్నాడు రాజకుమార్.

నాలుగు రోజుల్లో అతను ఆ ఇంట్లో గొంతెత్తడం అదే మొదటిసారి. అందరూ అతని వైపు తిరిగారు. అతను తల్లిని తప్ప ఎవరినీ చూడలేదు.

"అమ్మా, సోమవారం పొద్దున్నే నన్ను ఆవాలకు కొట్టుకు పంపావు. మొన్న శుక్రవారమే పావుకిలో తెచ్చాను కదా అంటే, పురుగు పట్టింది, పారబోశానన్నావు. మూడు రోజుల్లో పురుగు పట్టిందా?"

శేషమ్మ అరుగు మీద కూర్చుంది.

"నేనే," అంది.

వాకిట్లో ఎవరో దగ్గి ఆపేశారు.

"ఆదివారం మధ్యాహ్నం, చేలో ఎవరూ లేనప్పుడు వెళ్ళాను. ఉప్పు, మిరపకాయలు, ఆవాలు. చేనుకు దిష్టి తీసి, ఉప్పూ మిరపకాయలూ ఏట్లో కలిపాను. ఆవాలు మళ్ళలో చల్లాను. నా బిడ్డ చేను బాగుండాలనే చల్లాను. దాంట్లో తప్పేముంది?"

"తప్పేం లేదు పెద్దమ్మగారూ," అంది వీరదుర్గ. "ఆ మాట సోమవారమే చెబితే మేం పనిలోంచి లేచేవాళ్ళమే కాదు."

"చెప్పనిచ్చావా? నలుగురిలో మంత్రించిన ఆవాలంటివి."

"నేను ఆవాలనే అన్నానండీ. మంత్రం ఊరు కలిపింది."

శేషమ్మ కోడలి వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న రెండు పళ్ళేలతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"సోమవారం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. మంగళవారానికి ఊరు నీ పేరు చెప్పేసింది. అప్పటికి చెప్పడానికి వీలు లేకపోయింది."

"బుధవారం కర్పూరం తెప్పించారు," అంది దుర్గాభవాని.

ఈశ్వరప్రసాద్ చీపురుపుల్లను విరిచి, విరిచిన ముక్కను మళ్ళీ విరిచాడు.

"వీరదుర్గా, సంచులు పశువుల పాక దగ్గర ఉన్నాయి," అంది దుర్గాభవాని. "రెండు మళ్ళు అయ్యాయి. మూడో మడి నుంచి మొదలుపెట్టండి. బోదెలో ఒక్క కాడ కూడా పడకూడదు."

"నువ్వు రావామ్మా?"

"మీరు వెళ్తూ ఉండండి."

ముఠా కదిలింది. దుర్గాభవాని లోపలికి వెళ్ళి, దేవుడి గూట్లోంచి కర్పూరం కట్టిన కాగితం పొట్లం తీసుకొచ్చింది. దారం ముడి విప్పనే లేదు. దాన్ని రెండు పళ్ళేల మధ్య, అత్తగారి చేతికి అందేంత దూరంలో పెట్టింది.

"ఇది నాకోసం తెప్పించారు. నాకు అవసరం పడలేదు. ఇప్పుడు ఎవరి చేతిలో పెట్టమంటారో మీరే చెప్పండి అత్తయ్యా."

శేషమ్మ పొట్లం వైపు చూసింది. ముఖం తిప్పుకోలేదు. కొడుకులిద్దరూ అక్కడే నిలబడి ఉండగా, పొట్లాన్ని తన ఒళ్ళోకి తీసుకుని, దారం ముడి విప్పడం మొదలుపెట్టింది.